భాగం-9: వాణిజ్య ఒప్పందాలు – శాంతి ఒప్పందాలు: ఉత్తర ఐర్లాండ్ అనుభవం (1921–2024)

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు ఈ కింది అంశాలను వివరించగలుగుతారు.

• ఐర్లాండ్ సరిహద్దు ఏర్పడిన తీరు, దానిపై కస్టమ్స్ తనిఖీల చరిత్ర
• 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందంలోని ముఖ్యాంశాలు
• బ్రెగ్జిట్ తరవాతి వాణిజ్య ఏర్పాట్లు ఆ ఒప్పందానికి ఎందుకు చిక్కు తెచ్చాయి
• కొత్త వాణిజ్య ఒప్పందం పాత శాంతి ఒప్పందాన్ని దెబ్బతీయకుండా కాపాడే మార్గాలు, వాటి పరిమితులు

9.1 పరిచయం

2017 జులై 1న వస్తు సేవల పన్ను అమల్లోకి రాకముందు మన రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఉండేవి. వాటి ముందు లారీలు బారులు తీరి నిలబడటం మీలో కొందరు చూసే ఉంటారు. లారీ డ్రైవరుకు అది కాలహరణం. వ్యాపారికి అదనపు ఖర్చు. అంతకుమించి ఆ చెక్‌పోస్టు ఎవరి మనసునూ గాయపరచలేదు. అదే చెక్‌పోస్టును ముప్పై ఏళ్లపాటు బాంబులు పేలిన సరిహద్దు మీద పెడితే ఏమవుతుంది? అక్కడ సుంకం వసూలు చేసే గది కూడా రాజ్యాధికారానికి గుర్తుగా కనిపిస్తుంది. ఒక వర్గం దాన్ని తమ దేశాన్ని చీల్చిన గోడగా చూస్తుంది.

శాంతి ఒప్పందాలను రాజకీయ చరిత్రలోనూ, వాణిజ్య ఒప్పందాలను ఆర్థిక చరిత్రలోనూ విడివిడిగా చదవడం మనకు అలవాటు. ఆచరణలో ఈ రెండూ ఒకే నేల మీద నిలబడతాయి. ఒక వాణిజ్య ఒప్పందం శాంతి ఒప్పందంలోని ఒక్క వాక్యాన్ని కూడా ఉల్లంఘించకుండానే దాని పునాదిని కదిలించగలదు. ఈ భాగంలో మీరు ప్రధానంగా గ్రహించవలసిన విషయం ఇదే. ఇందుకు స్పష్టమైన ఆధారాలున్న ఉదాహరణ ఉత్తర ఐర్లాండ్.

ఐర్లాండ్ మీకు పూర్తిగా కొత్త దేశం కాదు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు 1937 నాటి ఐర్లాండ్ రాజ్యాంగం స్ఫూర్తి అని మీరు చదివే ఉంటారు. ఆ రాజ్యాంగంలోని 2, 3 అధికరణాలు ఈ కథలో మళ్లీ వస్తాయి.

9.2 సరిహద్దు, సుంకాలు (1921–1973)

1800 నాటి యూనియన్ చట్టాల ద్వారా 1801 నుంచి ఐర్లాండ్ బ్రిటన్‌లో విలీనమైంది. ఆ చట్టంలోని ఆరవ అధికరణం వాణిజ్యంలో రెండు ద్వీపాల ప్రజలకూ సమాన హోదా ఇచ్చింది. రెండు శతాబ్దాల తరవాత ఈ అధికరణం మళ్లీ కోర్టుకెక్కింది కాబట్టి దాన్ని గుర్తుంచుకోండి.

1919–21 స్వాతంత్ర్య యుద్ధం దేశ విభజనతో ముగిసింది. 1921 మేలో ప్రొటెస్టెంట్లు అధికంగా ఉన్న ఆరు కౌంటీలతో ఉత్తర ఐర్లాండ్ ఏర్పడి బ్రిటన్‌లోనే ఉండిపోయింది. మిగిలిన 26 కౌంటీలు 1922లో ఐరిష్ ఫ్రీ స్టేట్ అయ్యాయి. ఉత్తరాన బ్రిటన్‌తో కలిసి ఉండాలని కోరేవారిని యూనియనిస్టులు అంటారు. ఐర్లాండ్ ఏకం కావాలని కోరేవారిని జాతీయవాదులు అంటారు. మొదటివారిలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, రెండోవారిలో ఎక్కువమంది కాథలిక్కులు.

మొదట్లో ఈ సరిహద్దు పటం మీది గీత మాత్రమే. 1923 ఏప్రిల్ 1న కస్టమ్స్ తనిఖీలు మొదలయ్యాక అది ప్రజల రోజువారీ జీవితంలోకి వచ్చింది. దాదాపు 500 కిలోమీటర్ల ఆ సరిహద్దు పొలాల మధ్యగా, ఊళ్ల పక్కగా పోతుంది. సరుకు బండ్లు నిర్దేశించిన రోడ్ల మీద మాత్రమే దాటాలి. పశువులు, వెన్న వంటివి దొంగచాటుగా దాటించడం సరిహద్దు గ్రామాల్లో మామూలైపోయింది.

వాణిజ్యం రాజకీయ ఆయుధంగా మారడం కూడా ఇక్కడ చూస్తాం. 1932లో డి వలేరా ప్రభుత్వం బ్రిటన్‌కు చెల్లించవలసిన భూమి వాయిదాలను ఆపివేసింది. బ్రిటన్ ఐరిష్ వ్యవసాయ ఉత్పత్తులపై సుంకాలు వేసింది. ఐర్లాండ్ కూడా ఎదురు సుంకాలు విధించింది. పశువుల ధరలు పడిపోయి రైతులు నష్టపోయారు. 1938లో ఐర్లాండ్ ఒకేసారి కోటి పౌండ్లు చెల్లించడానికి ఒప్పుకోవడంతో ఈ 'ఆర్థిక యుద్ధం' ముగిసింది. అదే సమయంలో బ్రిటన్ తన అధీనంలో ఉన్న మూడు ఓడరేవులను ఐర్లాండ్‌కు అప్పగించింది. సుంకాల పరిష్కారం, రక్షణ వ్యవహారం ఒకే చర్చల్లో తేలాయన్న సంగతి గమనించండి.

1965లో రెండు దేశాలూ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకున్నాయి. 1973 జనవరి 1న రెండూ ఒకేరోజు యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరాయి.

9.3 హింసాకాలం – గుడ్ ఫ్రైడే ఒప్పందం

1960ల చివర ఉత్తర ఐర్లాండ్‌లో కాథలిక్కుల పౌర హక్కుల ఉద్యమం మొదలైంది. అది అణచివేతకు గురై, క్రమంగా సాయుధ సంఘర్షణగా మారింది. 1998 వరకు సాగిన ఈ కాలంలో 3,500 మందికి పైగా చనిపోయారు. ఉత్తర ఐర్లాండ్ జనాభా నేటికీ సుమారు 19 లక్షలే. అంత చిన్న ప్రాంతంలో ఇన్ని మరణాలంటే బంధువుల్లోనో ఇరుగుపొరుగులోనో ఒకరిని పోగొట్టుకోని కుటుంబాలు తక్కువ.

ఈ కాలంలో కస్టమ్స్ కేంద్రాలు పదేపదే దాడులకు గురయ్యాయి. 1972 ఆగస్టు 22న న్యూరీ పట్టణంలోని కస్టమ్స్ కేంద్రంలో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. వారిలో కస్టమ్స్ ఉద్యోగులు, లారీ డ్రైవర్లు, బాంబు తెచ్చిన ఐ.ఆర్.ఏ. సభ్యులు ఉన్నారు. సుంకాల కేంద్రం మీద దాడి జరిగింది కాబట్టి దానికి కాపలా వచ్చింది. కాపలా మీద దాడి జరిగింది కాబట్టి సైన్యం వచ్చింది. సైన్యం అనేక చిన్న రోడ్లను మూసివేసింది. సరిహద్దుకు ఇరువైపులా బంధుత్వాలున్న గ్రామస్థులు మైళ్ల కొద్దీ చుట్టు తిరిగి వెళ్లవలసి వచ్చింది.

1993 జనవరి 1న యూరప్‌లో ఏకీకృత మార్కెట్ అమల్లోకి రావడంతో కస్టమ్స్ తనిఖీలు పోయాయి. సైనిక శిబిరాలు మాత్రం మిగిలాయి. వాటిని తొలగించే పనికి 1998 ఏప్రిల్ 10న, గుడ్ ఫ్రైడే నాడు కుదిరిన ఒప్పందం దారి తీసింది. అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ ఈ చర్చలకు అధ్యక్షత వహించారు. ఒప్పందంలోని ముఖ్యాంశాలు ఇవి:

1. బెల్‌ఫాస్ట్‌లో శాసనసభ, రెండు వర్గాలూ పాలుపంచుకొనే ప్రభుత్వం.
2. ఉత్తర–దక్షిణ మంత్రుల మండలి. దాని కింద ఆరు ఉమ్మడి సంస్థలు. వీటిలో ఒకటి వాణిజ్యానికి, మరొకటి ఆహార భద్రతకు సంబంధించినవి.
3. బ్రిటన్–ఐర్లాండ్ మధ్య సంప్రదింపుల వ్యవస్థలు.
4. సమ్మతి సూత్రం: ఉత్తర ఐర్లాండ్ ప్రజల్లో మెజారిటీ కోరనిదే దాని హోదా మారదు.

1998 మే 22న రెండు ప్రాంతాల్లోనూ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఉత్తరాన 71 శాతం, దక్షిణాన 94 శాతం ఓటర్లు ఒప్పందాన్ని ఆమోదించారు. ఉత్తర ఐర్లాండ్ మొత్తం తమ భూభాగమని చెప్పే 2, 3 అధికరణాలను ఐర్లాండ్ మార్చుకొంది. జాన్ హ్యూమ్, డేవిడ్ ట్రింబుల్ అదే ఏడాది నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నారు.

మీ అభ్యసన ప్రగతిని సమీక్షించుకోండి – I
(అ) ఐర్లాండ్ సరిహద్దుపై కస్టమ్స్ తనిఖీలు ఎప్పుడు మొదలయ్యాయి? ఎప్పుడు ముగిశాయి?
(ఆ) సమ్మతి సూత్రం అంటే ఏమిటి?

9.4 ఒప్పందంలో రాయని అంశం

ఇక్కడ చాలామంది విద్యార్థులు పొరపాటు పడతారు. గుడ్ ఫ్రైడే ఒప్పందం కస్టమ్స్ సరిహద్దును నిషేధించింది అని జవాబుపత్రంలో రాస్తారు. ఒప్పందం పాఠంలో అలాంటి నిబంధన లేదు. సైనిక కట్టడాల తొలగింపు గురించి ఉంది గాని సుంకాల గురించి లేదు.

ఎందుకు లేదు? 1998 నాటికి అది రాయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. రెండు దేశాలూ యూరోపియన్ యూనియన్ సభ్యులు. ఒప్పందం పీఠికలోనే అవి యూనియన్‌లో భాగస్వాములమని చెప్పుకున్నాయి. సుంకాలు లేవు, సరుకుల ప్రమాణాలు ఒకటే. ఇంట్లో నేల ఉందని అద్దె పత్రంలో ఎవరూ రాయరు కదా! ఒప్పందం ఆ నేల మీద నిలబడింది.

ఈ నిశ్శబ్దం ఒక అద్భుతమైన వెసులుబాటు కల్పించింది. సరిహద్దు కంటికి కనిపించదు కాబట్టి జాతీయవాది తాను ఒకే ఐర్లాండ్‌లో ఉన్నట్లు బతకవచ్చు. బ్రిటన్‌తో వాణిజ్యానికి అడ్డు లేదు కాబట్టి యూనియనిస్టు తాను బ్రిటన్‌లో ఉన్నట్లే బతకవచ్చు. ఎవరిది నిజమో తేల్చవలసిన అవసరం రోజువారీ జీవితంలో రాలేదు. ఈ కాలంలో వ్యాపారం కూడా రెండు వైపులా అల్లుకుపోయింది. ఉత్తరాది పాడి రైతుల పాలలో గణనీయ భాగం దక్షిణాది కర్మాగారాలకు వెళుతుంది. డబ్లిన్‌లో తయారైన గిన్నిస్ బీరు ట్యాంకర్లలో బెల్‌ఫాస్ట్ వెళ్లి, అక్కడ డబ్బాల్లో నిండి వస్తుంది.

9.5 బ్రెగ్జిట్ తెచ్చిన చిక్కు

2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో బ్రిటన్ 51.9 శాతం ఓట్లతో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని నిర్ణయించింది. ఉత్తర ఐర్లాండ్‌లో మాత్రం 55.8 శాతం మంది ఉండిపోవాలనే ఓటు వేశారు. బ్రిటన్ ఏకీకృత మార్కెట్‌నూ కస్టమ్స్ యూనియన్‌నూ వదిలితే, ఆ పాత 500 కిలోమీటర్ల గీత రెండు వేర్వేరు సుంకాల వ్యవస్థల మధ్య సరిహద్దుగా మారుతుంది.

"తనిఖీలు పెట్టకుండా ఊరుకుంటే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. యూరోపియన్ మార్కెట్‌లోకి వచ్చే సరుకు దాని ప్రమాణాలకు తగినదో కాదో చూసే బాధ్యత ఐర్లాండ్‌పై ఉంది. పైగా ప్రపంచ వాణిజ్య సంస్థ నియమాల ప్రకారం, ప్రత్యేక ఒప్పందం లేకుండా ఒక దేశానికి ఇచ్చిన సడలింపును మిగిలిన సభ్య దేశాలకూ ఇవ్వాలి. దీన్నే అత్యంత ప్రాధాన్య దేశ సూత్రం అంటారు. అందువల్ల ఎక్కడో ఒకచోట తనిఖీ తప్పదు. ప్రశ్నల్లా ఎక్కడ అన్నదే. సరిహద్దుపై కట్టడాలు పెడితే అవి దాడులకు లక్ష్యాలవుతాయని ఉత్తర ఐర్లాండ్ పోలీసు అధిపతి 2018లో హెచ్చరించారు. న్యూరీ సంఘటన గుర్తున్నవారికి ఆ హెచ్చరిక అతిశయోక్తిగా తోచలేదు.

2017 డిసెంబరులో బ్రిటన్, యూరోపియన్ యూనియన్ ఉమ్మడి నివేదికలో సరిహద్దుపై కట్టడాలుగాని తనిఖీలుగాని ఉండకూడదని ఒప్పుకున్నాయి. దీనికోసం థెరిసా మే ప్రభుత్వం కుదుర్చుకొన్న ఏర్పాటును పార్లమెంటు 2019లో మూడుసార్లు తిరస్కరించింది. 2019 అక్టోబరులో బోరిస్ జాన్సన్ వేరే పరిష్కారానికి ఒప్పుకున్నారు. దాని ప్రకారం సరుకుల విషయంలో ఉత్తర ఐర్లాండ్ యూరోపియన్ నియమాలను పాటిస్తుంది. తనిఖీలు భూ సరిహద్దుపై కాక, బ్రిటన్ నుంచి ఓడలు వచ్చే రేవుల్లో జరుగుతాయి. దీన్నే ఉత్తర ఐర్లాండ్ ప్రోటోకాల్ అంటారు. 1998 ఒప్పందాన్ని అన్ని కోణాల్లో కాపాడటమే దీని ఉద్దేశమని అందులోనే రాసుకున్నారు. 1998లో నిశ్శబ్దంగా వదిలేసిన విషయాన్ని ఇప్పుడు అక్షరాల్లో పెట్టవలసి వచ్చింది.

9.6 అమెరికా కాంగ్రెస్ పాత్ర

యూరప్‌ను వదిలిన బ్రిటన్‌కు అమెరికాతో వాణిజ్య ఒప్పందం పెద్ద ఆశ. ఆ చర్చలు 2020 మేలో మొదలయ్యాయి. అదే సంవత్సరం సెప్టెంబరులో బ్రిటన్ ప్రభుత్వం అంతర్గత మార్కెట్ బిల్లును ప్రవేశపెట్టింది. ప్రోటోకాల్‌లోని కొన్ని అంశాలను పక్కనపెట్టే అధికారాన్ని అది మంత్రులకు ఇస్తుంది. పరిమితంగానైనా ఇది అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘిస్తుందని సంబంధిత మంత్రే పార్లమెంటులో అంగీకరించారు.

అమెరికా రాజ్యాంగం విదేశీ వాణిజ్యాన్ని నియంత్రించే అధికారాన్ని కాంగ్రెస్‌కు ఇచ్చింది. గుడ్ ఫ్రైడే ఒప్పందానికి హాని జరిగితే బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం కాంగ్రెస్‌లో నెగ్గదని ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ 2019 నుంచే చెబుతూ వచ్చారు. అధ్యక్ష అభ్యర్థి జో బైడెన్ కూడా 2020 సెప్టెంబరు 16న ఇదే షరతు ప్రకటించారు. బ్రిటన్‌లో ప్రభువుల సభ వివాదాస్పద నిబంధనలను నవంబరులో తొలగించింది. డిసెంబరులో ప్రభుత్వం వాటిని వదులుకుంది.

దీనికి అమెరికా ఒత్తిడి ఒక్కటే కారణమని రాయకండి. యూరోపియన్ యూనియన్ చట్టపరమైన చర్య మొదలుపెట్టింది. స్వదేశంలోనూ తీవ్ర వ్యతిరేకత వచ్చింది. వాణిజ్య ఒప్పందాన్ని ఆమోదించే శాసనసభ చేతిలో శాంతిని కాపాడే సాధనం ఉంటుందనేది మాత్రం దీనివల్ల స్పష్టమైంది.

ఇక్కడ ఒక న్యాయ సూత్రాన్ని గమనించండి. 1969 వియన్నా ఒడంబడిక ప్రకారం ఒప్పందాలను పాటించి తీరాలి. అయితే బ్రిటన్–ఐర్లాండ్ ఒప్పందంలో అమెరికా పక్షం కాదు. దానిని గౌరవించవలసిన చట్టపరమైన బాధ్యత అమెరికాకు లేదు. మూడో దేశం ఆ బాధ్యతను రాజకీయంగా, తానై తలకెత్తుకొంటేనే రక్షణ దొరుకుతుంది. ఆ దేశంలో ప్రభుత్వం మారితే ఆ రక్షణ బలహీనపడవచ్చు.

9.7 రెండో పక్షం అభ్యంతరం

ఇంతవరకు చదివి, భూ సరిహద్దు తెరిచే ఉంది కాబట్టి సమస్య తీరిందని మీరు అనుకోవచ్చు. కాని సముద్రం మీద పడిన కొత్త గీత యూనియనిస్టులను బాధించింది. ఇంగ్లండ్ నుంచి బెల్‌ఫాస్ట్ దుకాణానికి వచ్చే మాంసానికి, విత్తనాలకు కూడా పత్రాలు అవసరమయ్యాయి. సొంత దేశం నుంచి వచ్చే సరుకును విదేశీ సరుకులా చూస్తున్నారని వారు భావించారు. తమను అడగకుండా తమ హోదా మార్చారని, ఇది సమ్మతి సూత్రానికి విరుద్ధమని వాదించారు. 1800 నాటి ఆరవ అధికరణాన్ని ఆధారంగా చూపుతూ కోర్టుకు వెళ్లారు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో ఆ వాదనను తోసిపుచ్చింది. కోర్టు తీర్పుతో చట్టం తేలింది గాని యూనియనిస్టుల అసంతృప్తి తీరలేదు.

తప్పు ఒకవైపే జరగలేదు. 2021 జనవరి 29న టీకాల ఎగుమతి వివాదంలో యూరోపియన్ కమిషన్ ప్రోటోకాల్‌లోని అత్యవసర నిబంధనను ప్రయోగించబోయి, కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. సరిహద్దు పవిత్రమని చెప్పినవారే దాన్ని అంత తేలికగా తీసుకోవడం యూనియనిస్టుల అనుమానాలను పెంచింది. ఆ ఏప్రిల్‌లో బెల్‌ఫాస్ట్ వీధుల్లో అల్లర్లు జరిగాయి. 2022 ఫిబ్రవరిలో ప్రధాన యూనియనిస్టు పార్టీ అయిన డెమొక్రటిక్ యూనియనిస్ట్ పార్టీ ప్రభుత్వం నుంచి వైదొలగింది. ఉమ్మడి ప్రభుత్వం రెండేళ్లు ఆగిపోయింది. అంటే, గుడ్ ఫ్రైడే ఒప్పందాన్ని కాపాడటానికి చేసిన ఏర్పాటు వల్లే ఆ ఒప్పందం సృష్టించిన ప్రభుత్వం నిలిచిపోయింది.

2023 ఫిబ్రవరి 27న రిషి సునాక్, ఉర్సులా వాన్ డెర్ లెయెన్ విండ్సర్ ఒడంబడిక ప్రకటించారు. ఉత్తర ఐర్లాండ్‌లోనే అమ్ముడుపోయే సరుకుకు తక్కువ తనిఖీలతో 'ఆకుపచ్చ వరస', దక్షిణానికి వెళ్లే అవకాశమున్న సరుకుకు 'ఎర్ర వరస' ఏర్పాటు చేశారు. కొత్త యూరోపియన్ నియమాలపై అభ్యంతరం తెలిపే అవకాశాన్ని బెల్‌ఫాస్ట్ శాసనసభ సభ్యులకు కల్పించారు. 2024 ఫిబ్రవరి 3న ప్రభుత్వం మళ్లీ ఏర్పడింది. 2024 డిసెంబరు 10న ఈ వాణిజ్య నియమాలను కొనసాగించాలా వద్దా అనే తీర్మానంపై శాసనసభ ఓటు వేసింది. అనుకూలంగా 48, వ్యతిరేకంగా 36 ఓట్లు వచ్చాయి. అనుకూల ఓట్లలో యూనియనిస్టులవి లేవు. రెండు వర్గాల మద్దతూ లభించి ఉంటే ఎనిమిదేళ్ల వరకు మళ్లీ ఓటు ఉండేది కాదు. లభించలేదు కాబట్టి నాలుగేళ్లకే మళ్లీ సమ్మతి అడగాలి.

మీ అభ్యసన ప్రగతిని సమీక్షించుకోండి – II
(అ) అంతర్గత మార్కెట్ బిల్లు ఎందుకు వివాదాస్పదమైంది?
(ఆ) ఆకుపచ్చ, ఎర్ర వరసల మధ్య తేడా ఏమిటి?

9.8 ఈ చరిత్ర నుంచి ఏమి గ్రహించాలి?

ఏ దేశపు వాణిజ్య ఒప్పందాన్ని పరిశీలించినా మీరు నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు.

మొదటిది, అక్కడి శాంతి ఒప్పందం చెప్పకుండానే ఆధారపడిన ఆర్థిక ఏర్పాటు ఏది? ఒప్పందం పాఠం మాత్రమే చదివితే ఇది దొరకదు. సంతలు, రోడ్లు, పాల లారీలు చూస్తే దొరుకుతుంది.

రెండోది, చర్చల బల్ల దగ్గర ఎవరున్నారు? ప్రోటోకాల్‌ను లండన్, బ్రస్సెల్స్ కుదుర్చుకున్నాయి. అప్పుడు బెల్‌ఫాస్ట్‌లో ప్రభుత్వమే నడవడం లేదు. 2017 జనవరిలో వేరే వివాదంతో కూలిన ఉమ్మడి ప్రభుత్వం 2020 జనవరిలో గాని తిరిగి ఏర్పడలేదు.

మూడోది, హామీ కేవలం మాటగా ఉందా, అమలయ్యే నిబంధనగా ఉందా? 2017 నాటి వాగ్దానానికి ప్రోటోకాల్ చట్టబద్ధత ఇచ్చింది. అది లేకుంటే 2020లో వాదించడానికి ఆధారమే ఉండేది కాదు.

నాలుగోది, సమ్మతిని మళ్లీ అడిగే మార్గం ఉందా? శాంతి ఒప్పందం రెండు వర్గాలది. ఒక వర్గం భయాన్ని తీర్చడానికి రెండో వర్గం భయాన్ని పెంచితే, ఒప్పందాన్ని గౌరవించినట్లు కాదు. ఉత్తర ఐర్లాండ్‌లో ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం ఇంకా దొరకలేదు. ప్రశ్న అడిగే వేదిక మాత్రం ఏర్పడింది.

శాంతి ఒప్పందాలను అడ్డం పెట్టుకొని ప్రతి వాణిజ్య సంస్కరణనూ ఆపవచ్చు కదా అనే విమర్శ ఉంది. అందులో కొంత నిజముంది. అయితే ఇక్కడ వాణిజ్యం ఆగలేదు. తనిఖీ చేసే చోటు, తీరు మారాయి. అలా మార్చడానికి 2016 నుంచి 2024 వరకు ఎనిమిదేళ్లు పట్టింది. మొదటి ప్రశ్నను 2016 కంటే ముందే గట్టిగా వేసుకొని ఉంటే ఆ కాలంలో కొంతైనా మిగిలేదని నా అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని మీరు పైన చదివిన వాస్తవాలతో పరీక్షించి, అంగీకరించవచ్చు లేదా విభేదించవచ్చు.

9.9 సారాంశం

1921లో ఏర్పడిన ఐర్లాండ్ సరిహద్దు 1923 నుంచి సుంకాల సరిహద్దుగా, 1970ల నుంచి సైనిక సరిహద్దుగా మారింది. 1993లో తనిఖీలు పోవడం, 1998లో శాంతి ఒప్పందం కుదరడం వల్ల అది కనుమరుగైంది. బ్రెగ్జిట్ దాన్ని తిరిగి తెచ్చే ప్రమాదం కల్పించింది. ప్రోటోకాల్, అమెరికా కాంగ్రెస్ షరతు, విండ్సర్ ఒడంబడిక, శాసనసభ సమ్మతి ఓటు శాంతి ఒప్పందాన్ని కాపాడే ప్రయత్నాలు. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను సరిపోలేదు.

9.10 ముఖ్య పదాలు

సమ్మతి సూత్రం: ప్రజల మెజారిటీ అంగీకారం లేనిదే ప్రాంతపు రాజ్యాంగ హోదా మారరాదనే నియమం.
ఏకీకృత మార్కెట్: సభ్య దేశాల మధ్య సరుకులు, సేవలు, పెట్టుబడి, వ్యక్తులు స్వేచ్ఛగా కదిలే వ్యవస్థ.
కస్టమ్స్ యూనియన్: సభ్యుల మధ్య సుంకాలు లేకుండా, బయటి దేశాలపై ఒకే రకమైన సుంకాలు విధించే కూటమి.

9.11 నమూనా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వరసల్లో సమాధానం రాయండి.
1. గుడ్ ఫ్రైడే ఒప్పందం ఏ ఆర్థిక పరిస్థితులపై ఆధారపడిందో చర్చించండి.
2. ఉత్తర ఐర్లాండ్ ప్రోటోకాల్ శాంతి ఒప్పందాన్ని కాపాడిందా, బలహీనపరిచిందా? రెండు వర్గాల వాదనలతో పరిశీలించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 వరసల్లో సమాధానం రాయండి.
1. 1932–38 ఆర్థిక యుద్ధం
2. అంతర్గత మార్కెట్ బిల్లు వివాదంలో అమెరికా కాంగ్రెస్ పాత్ర